గేటు దాటితే మౌనం

ఉప్పల్ చౌరస్తాలో హారన్ల మోత. నాచారం పారిశ్రామికవాడలో లారీల రొద. వాటి మధ్యే... మాట వినిపించని ఇళ్లు కొన్ని ఉన్నాయి. అక్కడికి వెళ్లేది మొక్కు తీర్చుకోవడానికి కాదు, పండగ చేసుకోవడానికీ కాదు. ఒక నిర్ణయం తీసుకోవడానికి! ఈ దారిలో ఉండాలా, వెనక్కి వెళ్లిపోవాలా... అన్నదే ఆ నిర్ణయం. రెండో జవాబుకీ అక్కడ చోటుంది. కేథలిక్ ధ్యానగృహాల గురించీ గురువిద్యాలయాల గురించీ బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి అదే.

ఉదయం ఆరున్నర. ఉప్పల్ రింగురోడ్డు నిద్రలేచి అప్పటికే చాలాసేపైంది. 'హన్మకొండ... హన్మకొండ', 'జనగామ... జనగామ' అంటూ కేకలు. ఇడ్లీ బండ్ల దగ్గర జనం. 2023లో తెరిచిన స్కైవాక్ మీద భుజాన బ్యాగులతో పరుగులాంటి నడక. ఆ పక్కనే పిల్లర్ల మీద దూసుకెళ్లే మెట్రో రైలు.

ఆ హడావుడిని వదిలి లోపలి వీధుల్లోకి వెళ్తే అక్కడక్కడా పొడవాటి ప్రహరీలు కనిపిస్తాయి. ఇనుప గేటు, లోపల చెట్లు, చెట్ల మధ్య మరియమాత స్వరూపం. బయటి నుంచి చూసినవాళ్లు హాస్టలో, స్కూలో అనుకుంటారు. కొన్నిచోట్ల నిజంగానే స్కూలూ ఉంటుంది. వెనకవైపున్న భవనంలో మాత్రం పాతికమంది కూర్చున్నా ఫ్యాను తిరుగుతున్న చప్పుడే వినిపిస్తుంది. గంట మోగితే లేస్తారు. మళ్లీ మోగితే కూర్చుంటారు. భోజనాల దగ్గరా మాటల్లేవు. పప్పు గిన్నె కావాలంటే చేత్తో సైగ!

ఊరి చివర... ఇప్పుడు ఊరి నడుమ

హైదరాబాద్‌లో కేథలిక్కుల చరిత్ర చిన్నదేం కాదు. 1886లోనే ఇది మేత్రాసనం. 1953లో అగ్రపీఠమైంది. పాత గుళ్లూ బళ్లూ అబిడ్స్, గన్‌ఫౌండ్రీ, సికింద్రాబాద్ చుట్టూనే ఎక్కువ. వాటి పని జనం మధ్యే కాబట్టి నగరం నడిబొడ్డున కట్టారు. గురువుల్ని, మఠవాసుల్ని తయారుచేసే ఇళ్లకు కావలసింది వేరు. విశాలమైన స్థలం, చెట్లు, అన్నిటికీ మించి నిశ్శబ్దం. అవి దొరికేది ఊరి చివర్లోనే. నగరానికి తూర్పున రామంతాపూర్, ఉప్పల్, నాచారం ఒకప్పుడు అలాంటి చివర్లే.

అంబర్‌పేట దాటి ఉప్పల్ వెళ్లే దారిలో రామంతాపూర్ అనగానే చాలామందికి దూరదర్శన్ కేంద్రం గుర్తొస్తుంది. తెలుగు కేథలిక్కులకు అంతకుముందు గుర్తొచ్చేది సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీ. తెలుగు మేత్రాసనాల గురువిద్యార్థులు దైవశాస్త్రం చదువుకునే చోటది. ఈరోజు పల్లెటూరి విచారణలో దివ్యబలిపూజ చేస్తున్న ఎందరో ఫాదర్లు యవ్వనంలో కొన్నేళ్లు ఇక్కడ గడిపినవాళ్లే. వీధిపిల్లల కోసం పనిచేసే డాన్‌బాస్కో నవజీవన్ కూడా రామంతాపూర్‌లోనే ఉంది. ఉప్పల్‌లోని లిటిల్ ఫ్లవర్ కాలేజీ గేబ్రియల్ సభ బ్రదర్లది. వీటికితోడు చుట్టుపక్కల కాలనీల్లో రకరకాల మఠసభల ఇళ్లు.

కాలం ఊరుకోదు కదా. నగరం తూర్పుకి నడిచొచ్చింది. 2005 నవంబరులో ఉప్పల్ స్టేడియంలో తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. 2017లో మెట్రో వచ్చింది. దూరమే కాపలాగా ఉన్న నిశ్శబ్దానికి ఇప్పుడు ఆ కాపలా లేదు. మ్యాచ్ ఉన్న రాత్రి ఫోరుకొడితే ఆ అరుపు ప్రహరీ దాటి వస్తుంది. అందుకే ఇక్కడ మౌనం ఇప్పుడు స్థలం ఇచ్చేది కాదు. లోపలున్నవాళ్లు పట్టుబట్టి కాపాడుకునేది.

ఇంతకీ ఆ మౌనం ఎందుకు?

కాలు విరిగిన సైనికుడి కథ

ధ్యానగృహాల కథ ఓ ఫిరంగి గుండుతో మొదలైంది. 1521 మే 20. స్పెయిన్‌లోని పాంప్లోనా కోట మీద ఫ్రెంచి సైన్యం దాడి చేసింది. కోటలో ఉన్న లొయోలా ఇన్యాసి అనే ముప్పై ఏళ్ల యోధుడి కాలు ఫిరంగి దెబ్బకు విరిగింది. కట్టు కట్టారు కానీ ఎముక వంకరగా అతుక్కుంది. బిగుతు బూట్లు వేసుకుంటే ఆ వంకర కనిపిస్తుందని మళ్లీ కోయించుకున్నాడట! అంత సోకు మనిషి.

నెలల తరబడి మంచంమీదే. కాలక్షేపానికి వీరుల ప్రేమకథలు తెమ్మన్నాడు. ఇంట్లో అవి లేవు. ఉన్నవి క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలు. వేరే దారిలేక అవే చదివాడు. ఆ మంచంమీదే ఆయన ఒక విషయం కనిపెట్టాడు. రాచకుటుంబపు స్త్రీని మెప్పించినట్టు, యుద్ధాలు గెలిచినట్టు పగటికలలు కంటుంటే అప్పటికి హాయిగానే ఉండేది. కల అయిపోయాక మాత్రం మనసంతా వెలితి. పునీతుల్లా బతకాలని ఊహించుకున్నప్పుడు వచ్చిన సంతోషం ఆ తర్వాతా నిలిచేది. రెండూ సంతోషాలే. ఒకటి ఆవిరవుతుంది, ఒకటి మిగులుతుంది. ఏది మిగులుతుందో చూసుకుని అడుగేయాలి. ఆయన బోధన అంతటికీ మూలం ఈ చిన్న పరిశీలనే.

లేచి నడవగలిగాక 1522లో మన్రేసా అనే ఊరు చేరి దాదాపు ఏడాదిపాటు అక్కడే ప్రార్థనలో గడిపాడు. అప్పుడు రాసుకున్న నోట్సే తర్వాత 'ఆధ్యాత్మిక సాధనలు' అనే చిన్న పుస్తకమైంది. 1548లో పోప్ మూడో పౌలు దానికి ఆమోదముద్ర వేశారు. 1922లో పోప్ పదకొండో పయస్ పునీత ఇన్యాసి వారిని ఆధ్యాత్మిక ధ్యానాలకు పాలక పునీతుడిగా ప్రకటించారు.

ఈ పుస్తకం కూర్చుని చదువుకోవడానికి కాదు. వంటల పుస్తకం చదివితే కడుపు నిండుతుందా? ఇదీ అంతే. చేసి చూడాల్సిందే. పూర్తిగా చేస్తే 30 రోజులు. దాన్ని నాలుగు 'వారాలు'గా విభజించారు. తమ తప్పొప్పులు చూసుకోవడంతో మొదలై క్రీస్తు జీవితం, శ్రమలు, పునరుత్థానం మీద ధ్యానంతో ముగుస్తుంది. జెస్యూట్ సభలో చేరినవాళ్లు జీవితంలో రెండుసార్లు ఈ ముప్పై రోజులూ చేస్తారు. ఎనిమిది రోజులకీ, అయిదు రోజులకీ, మూడు రోజులకీ కుదించిన పద్ధతులే ధ్యానగృహాల్లో ఎక్కువగా కనిపిస్తాయి.

ఫోను పక్కన పెట్టాక...

రోజు ఎలా గడుస్తుంది? ఇంటింటికీ కొంత తేడా ఉన్నా చట్రం ఒకటే. పొద్దున్నే ప్రార్థన, దివ్యబలిపూజ. టిఫిను. తర్వాత ధ్యానానికి ఒక అంశం ఇస్తారు. సువార్తలోని ఓ సంఘటన తీసుకుని గంటసేపు దానిలోనే ఉండాలి. అలాంటి గంటలు రోజుకి నాలుగైదు. మధ్యలో చెట్లకింద నడక. రోజుకోసారి మార్గదర్శకుడితో అరగంట మాట. రాత్రి ఆరోజు మనసు ఎటెటు తిరిగిందో వెనక్కి చూసుకోవడం. ఇంతే!

వినడానికి తేలిక. చేయడమే కష్టం. మొదటిరోజు నిద్ర ముంచుకొస్తుంది. రెండోరోజు విసుగు. చేయి తెలియకుండానే ఫోనున్న జేబు వైపు వెళ్తుంది. ఫోను ఆఫీసు గదిలో ఉందని గుర్తొచ్చి వెనక్కి వస్తుంది. మూడోరోజుకి బయటి చప్పుడు తగ్గినట్టుంటుంది కానీ లోపలి చప్పుడు మొదలవుతుంది. ఎప్పటిదో తమ్ముడితో పడిన గొడవ. తీర్చని బాకీ. అమ్మకి చెప్పకుండా దాచిన మాట. మౌనం వాటిని ఒక్కొక్కటిగా పైకి తెస్తుంది. బావి నీళ్లు కదలకుండా ఉంటేనే కదా అడుగు కనిపించేది.

గంట కూర్చోవాలనుకున్నప్పుడు మనసు ఎంత మొరాయించినా పూర్తి గంట కూర్చోవాలంటాడు ఇన్యాసి. హాయిగా ఉన్నప్పుడు కూర్చోవడం ఎవరైనా చేస్తారు. లేవాలనిపించినప్పుడు ఇంకో అయిదు నిమిషాలు కూర్చోవడమే సాధన.

ఇలా ఏటా ఆగడం గురువులకీ మఠవాసులకీ ఇష్టం ఉంటే చేసే పని కాదు. 1983 నాటి తిరుసభ చట్టం ప్రకారం బాధ్యత. పోప్‌కి కూడా మినహాయింపు లేదు. తపస్సుకాలంలో పోప్, వాటికన్ అధికారులు ధ్యానం చేయడం ఆనవాయితీ. 2014లో పోప్ ఫ్రాన్సిస్ ఆ ధ్యానాన్ని వాటికన్ దాటించి రోమ్ నగరం బయట అరిచ్చా అనే ఊళ్లోని ధ్యానగృహానికి మార్చారు. అధికారులందరితో కలిసి బస్సులో వెళ్లారు. ఆఫీసు పక్కనే ఉంటే ఆఫీసు వదలదన్నది పోప్ అయినా గుమస్తా అయినా ఒకటే కదా!

త్రాసు ముల్లు మధ్యలో ఉండాలి

ధ్యానం చేయించే గురువు పనేమిటి? 'నువ్వు ఫాదర్ అయిపో', 'నువ్వు సిస్టర్‌వి అయిపో' అని చెప్పడమా? కాదు. సరిగ్గా దానికి వ్యతిరేకం. మార్గదర్శకుడు త్రాసు ముల్లులా మధ్యలో నిలబడాలని ఇన్యాసి నియమం పెట్టాడు. సన్యాసం వైపూ నెట్టకూడదు, సంసారం వైపూ లాగకూడదు. నిర్ణయం ఆ మనిషికీ దేవుడికీ మధ్య జరగాలి. మూడో మనిషి వేలు త్రాసు మీద పడకూడదు.

ఇంకో రెండు నియమాలు ఎవరి జీవితానికైనా పనికొస్తాయి. మనసు కుంగి ఉన్నప్పుడు, బాగున్నరోజుల్లో తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దు. అలాగే మనసు ఉప్పొంగిపోతున్నప్పుడు తొందరపడి మాటపట్టు చేయొద్దు. ఉద్యోగానికి రాజీనామా ఉత్తరం రాసిన రాత్రిని, పెళ్లిచూపుల్లోనే 'సరే' అన్న సాయంత్రాన్ని గుర్తుచేసుకుంటే ఈ రెండు మాటల విలువ తెలుస్తుంది.

ఎటూ తేలనప్పుడు ఏం చేయాలి? దానికీ ఉపాయం చెప్పాడు. ముక్కూమొహం తెలియని మనిషి ఇదే సమస్యతో వచ్చి సలహా అడిగితే ఏం చెబుతావో అదే నువ్వు చెయ్యి. లేదా చివరి ఘడియలో మంచంమీద ఉన్నట్టు ఊహించుకో. అప్పుడు 'ఇలా చేసి ఉండాల్సింది' అని దేన్ని అనుకుంటావో దాన్ని ఇప్పుడే చెయ్యి.

ధ్యానానికి వెళ్తూ దారిలోనే జవాబు విన్నవాళ్లూ ఉన్నారు. 1946 సెప్టెంబరు 10. కోల్‌కతాలో టీచరుగా పనిచేస్తున్న 36 ఏళ్ల లొరెటో సిస్టర్ ఒకరు ఏటా చేసే ధ్యానం కోసం డార్జిలింగ్ రైలెక్కారు. మఠం వదిలి నిరుపేదల మధ్యకు వెళ్లాలన్న పిలుపు ఆ ప్రయాణంలోనే తనకు వినిపించిందని తర్వాత చెప్పారు. ఆమే మదర్ థెరిసా. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పిలుపు విన్న మర్నాడే ఆమె వీధిలోకి వెళ్లిపోలేదు. తన ఆధ్యాత్మిక గురువుకి చెప్పారు. ఆర్చిబిషప్ ఆగమంటే ఆగారు. అనుమతి వచ్చి, నీలం అంచు తెల్లచీర కట్టుకుని మఠం గడప దాటేసరికి 1948 ఆగస్టు అయింది. దాదాపు రెండేళ్లు! పిలుపు నిజమైనదైతే ఆగినా ఆరిపోదన్నది ఈ సంప్రదాయం నమ్మకం.

డాక్టరు చదువుకన్నా పొడవు

ధ్యానం కొద్దిరోజులది. సెమినరీ, మఠం చదువు ఏళ్ల తరబడి సాగే ధ్యానం. ఎంబీబీఎస్ కన్నా పొడవు.

మేత్రాసన గురువు కావాలంటే తత్వశాస్త్రం కనీసం రెండేళ్లు, దైవశాస్త్రం కనీసం నాలుగేళ్లు చదవాలి. దానికి ముందు సన్నాహక కాలం, మధ్యలో విచారణల్లో అనుభవం కోసం గడిపే కాలం వేరే. 25 ఏళ్లు నిండందే గురుపట్టాభిషేకం లేదు. దానికిముందు కనీసం అయిదు రోజుల ధ్యానం తప్పనిసరి. 1563లో ట్రెంటు మహాసభ ప్రతి మేత్రాసనానికీ గురువిద్యాలయం ఉండాలని ఆదేశించింది. 1992లో పోప్ రెండో జాన్ పాల్ ఈ శిక్షణకు నాలుగు స్తంభాలు చెప్పారు. మానవ, ఆధ్యాత్మిక, మేధో, సేవా శిక్షణ. నాలుగింటిలో మొదటిది 'మనిషి'గా తయారవడం. పిల్లలతో, ఆడవాళ్లతో, పేదలతో ఎలా మెలగాలో తెలియనివాడికి ఎంత పాండిత్యం ఉంటే ఏం లాభం?

బ్రదర్లు, సిస్టర్ల దారి కాస్త వేరు. మొదట సభ ఇంట్లో ఉండి అలవాటు పడతారు. తర్వాత నోవిషియేట్. తక్కువలో తక్కువ 12 నెలలు, మొత్తం రెండేళ్లు దాటకూడదు. పదిహేడేళ్లు నిండనివాళ్లను నోవిషియేట్‌లో చేర్చుకోకూడదు. ఆ తర్వాత పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులు. అవీ ఒకేసారి జీవితాంతానికి కాదు. ముందు తాత్కాలికంగా మూడు నుంచి ఆరేళ్లు, అవసరమైతే తొమ్మిదేళ్ల వరకూ. గడువు తీరాక 'ఇక చాలు' అనుకుంటే నమస్కారం పెట్టి వెళ్లిపోవచ్చు.

ఎందుకింత సాగదీయడం? గట్టిపట్టు ఉన్నవాళ్లను నిలబెట్టడానికి అనుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం, ఈ దారి తమది కాదని తెలుసుకున్నవాళ్లు సకాలంలో వెళ్లిపోవడానికి.

బలవంతం ఉంటే అసలు చెల్లదు

బలవంతంగా గానీ భయపెట్టి గానీ చేర్పిస్తే ఆ నోవిషియేట్ చెల్లదు. ఎవరినైనా గురువు కమ్మని ఒత్తిడి చేయడం పూర్తిగా నిషిద్ధం. నోవిషియేట్‌లో ఉన్న వ్యక్తి ఎప్పుడైనా స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు. తిరుసభ చట్టంలో ఇవన్నీ స్పష్టంగా ఉన్నాయి.

ఇంకో ఆసక్తికరమైన నియమముంది. సెమినరీలో ఆధ్యాత్మిక మార్గదర్శకుడు ఒకరు, విద్యార్థి ఉండాలా వద్దా అని నిర్ణయించేవాళ్లు వేరొకరు. ఆ నిర్ణయం సమయంలో మార్గదర్శకుడి అభిప్రాయం గానీ, పాపసంకీర్తనం విన్న గురువు అభిప్రాయం గానీ అడగనే కూడదు. కుర్రాడు మనసువిప్పి చెప్పుకున్న సందేహం అతనికే ఎదురు సాక్ష్యం కాకూడదన్నమాట. అభ్యర్థి ఒప్పుకుంటే మానసిక నిపుణుల సాయం తీసుకోవచ్చని 2008లో వాటికన్ మార్గదర్శకాలూ ఇచ్చింది.

ఈ జాగ్రత్తలన్నీ ఊరికే రాలేదు. ఒకప్పుడు యూరప్‌లో కట్నం ఇవ్వలేని కుటుంబాలు ఆడపిల్లల్ని మఠాల్లో చేర్చి చేతులు దులుపుకున్న సందర్భాలు ఎన్నో. అందుకే ట్రెంటు మహాసభ, ఇష్టంలేని స్త్రీని బలవంతంగా మఠంలో చేర్చేవాళ్లను వెలివేస్తామని శాసించింది. అదే ఏడాది, 1563లోనే. మాటపట్టు చేసేముందు బిషప్ స్వయంగా గానీ తన ప్రతినిధి ద్వారా గానీ ఆ అమ్మాయి ఇష్టాన్ని అడిగి తెలుసుకోవాలనీ చెప్పింది. కట్నం మాట వినగానే ఉలిక్కిపడే మన ఇళ్లకు ఈ ముచ్చట పరాయిదిగా అనిపించదు.

తిరిగొచ్చినవాడు

చట్టం ఒప్పుకుంటుంది సరే. ఊరు ఒప్పుకోవాలిగా?

తెలుగు పల్లెల్లో కేథలిక్ కుటుంబాలు చాలావరకు పేదవి, దళితవాడల్లో ఉన్నవి. అలాంటి ఇంటి పిల్లాడు సెమినరీకి వెళ్తే అది ఒక్క ఇంటి సంతోషం కాదు, వాడంతటి గౌరవం. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు తెలుగునేల పొంగిపోయింది. తెలుగువాళ్లలోనూ, దళితుల్లోనూ ఆయనే తొలి కార్డినల్. పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత బడి మానాల్సి వచ్చిన ఆయనకు మిషనరీల సాయంతోనే చదువు కొనసాగింది. 2025లో కొత్త పోప్‌ని ఎన్నుకున్న కార్డినళ్లలో ఆయనా ఉన్నారు. కర్నూలు వైపు పల్లె నుంచి సిస్టైన్ ప్రార్థనాలయం దాకా! ఈ కథ విన్న ఏ తల్లికి ఆశపుట్టదు?

ఆ ఆశే కొన్నిసార్లు బరువవుతుంది. కుర్రాడు ఇంకా మూడో ఏడు చదువుతుండగానే ఊళ్లో 'ఫాదర్ గారు' అని పిలవడం మొదలుపెడతారు. సెలవులకొస్తే కుర్చీ వేసి, ముందు అతనికే వడ్డిస్తారు. 'ఫాదర్ గారి అమ్మ' అన్న పేరు తల్లికి అప్పుడే వచ్చేస్తుంది. అలాంటప్పుడు అతని మనసులో 'ఇది నా దారి కాదేమో' అన్న మాట మెదిలితే? చెప్పుకోవడానికి దేవుడి ముందు నోరు వస్తుంది. నాన్న ముందే రాదు. చెల్లెలి పెళ్లి కుదిరే సమయంలో తాను తిరిగొస్తే సంబంధం చెడుతుందేమోనన్న భయం. పట్టపగలు వస్తే అందరూ అడుగుతారని రాత్రి బస్సు ఎక్కాలనిపించేంత సిగ్గు.

అమ్మాయిల విషయంలో ఇది ఇంకా కష్టం. మఠం నుంచి వచ్చిందంటే 'ఏం జరిగిందట?' అన్న ప్రశ్న ముందు పుడుతుంది. ఏమీ జరిగి ఉండదు. రెండేళ్లు ప్రార్థించి, ఆలోచించి, తన మనసేమిటో తెలుసుకుని ఉంటుంది. అది ఓటమి ఎలా అవుతుంది? ఏమీ ఆలోచించకుండా ఉండిపోవడం కన్నా అదే మేలు కదా.

ఇష్టంలేకుండా ఉండిపోతే నష్టం ఆ ఒక్కరిదే కాదు. మనసు లేని గురువు ఊరికి భారం, తనకి తాను భారం. అందుకే శిక్షణ ఇచ్చేవాళ్లు ఉండమని బతిమాలకూడదు. కుర్రాడికి ఆ సంగతి అర్థమైతే సరిపోదు. ఇంటివాళ్లకి అర్థమవ్వాలి. కొడుకును దింపడానికి ట్రంకుపెట్టెతో ఉప్పల్‌లో బస్సు దిగిన తండ్రి, గేటు దగ్గర చెప్పాల్సిన మాట ఒకటుంది. 'మంచిగా చదువుకో బిడ్డా' అన్నాక, 'నీకు పడకపోతే ఇల్లు ఉంది' అన్న మాట. ఆ ఒక్క మాటతో లోపల అతను చేసే ప్రార్థన నిజమైనదవుతుంది. తిరిగొచ్చే దారి తెరిచి ఉంటేనే కదా, ఉండిపోవడం అతని ఇష్టమయ్యేది!

తిరిగొచ్చినవాళ్ల ఏళ్లు వృథా పోవు కూడా. భాష, క్రమశిక్షణ, నలుగురి ముందు నిలబడి మాట్లాడే ధైర్యం వెంటవస్తాయి. టీచర్లుగా, సామాజిక కార్యకర్తలుగా రాణిస్తారు. అమెరికాలో జెర్రీ బ్రౌన్ అనే యువకుడు 1956లో జెస్యూట్ నోవిషియేట్‌లో చేరి 1960లో వదిలి వచ్చేశాడు. తర్వాత కాలిఫోర్నియా గవర్నరుగా రెండు విడతల్లో మొత్తం 16 ఏళ్లు పనిచేశాడు.

ఇల్లు వదలనక్కర్లేదు

ధ్యానగృహాలు సన్యాసులకే కాదు. ఉపాధ్యాయులు, విచారణ యువకులు, భార్యాభర్తలు కూడా వెళ్తారు. 'మ్యారేజ్ ఎన్‌కౌంటర్' అనే వారాంతపు కార్యక్రమంలో దంపతులు తమ మనసులో మాట ఒకరికొకరు ఉత్తరంగా రాసుకుంటారు. ఒకే ఇంట్లో పదిహేనేళ్లున్నా చెప్పుకోని సంగతులు ఆ కాగితాల మీదికి వస్తాయి.

ఆగి ఆలోచించడమనేది ఏ ఒక్క మతం సొత్తూ కాదు. 41 రోజుల అయ్యప్ప దీక్ష మనకు తెలిసిందే. రంజాన్ చివరి పదిరోజులు మసీదులోనే ఉండి ఏతెకాఫ్ పాటించే ముస్లిములు ప్రతి బస్తీలో ఉంటారు. ఇదే నగరంలో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్తలో పదిరోజుల విపశ్యన మౌనానికి అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. దారులు వేరు, నమ్మకాలు వేరు. అందరికీ తెలిసిన రహస్యం ఒకటే. పరిగెడుతూ ఉంటే ఎటు వెళ్తున్నామో కనిపించదు.

సెలవు దొరకనివాళ్ల సంగతి? ఇన్యాసి వాళ్లనీ మరవలేదు. ఇంటిపనుల్లో, ఉద్యోగాల్లో తీరికలేనివాళ్లు ఇంట్లోనే ఉండి రోజుకి గంటన్నర కేటాయించి ఇవే సాధనలు చేసుకోవచ్చని రాశాడు. అంతా కుదరకపోతే పడుకునేముందు పది నిమిషాలు. ఆయన చెప్పిన వరస ఇది...

* ఈరోజు అందిన మంచికి కృతజ్ఞత చెప్పుకోవాలి.
* ఉన్నది ఉన్నట్టు చూసే వెలుగు కావాలని అడగాలి.
* పొద్దుటి నుంచి గంటగంటా ఏం జరిగిందో, మనసు ఎక్కడ మెత్తబడిందో, ఎక్కడ గట్టిపడిందో తిరిగి చూసుకోవాలి.
* పొరపాటుకు క్షమాపణ కోరాలి.
* రేపు దిద్దుకోవాల్సిన ఒక్క విషయం అనుకోవాలి. ఒక్కటి చాలు.

సాయంత్రం ఏడు. ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ మళ్లీ గడ్డకట్టింది. లోపల గంట మోగింది. వరండాలో దీపాలు వెలిగాయి. గదుల్లోంచి ఒక్కొక్కరే వచ్చి ప్రార్థనాలయంలో కూర్చుంటున్నారు. వాళ్లలో కొందరు ఈ దారిలోనే ఉండిపోతారు. కొందరు ఏదో ఒక పొద్దున పెట్టె సర్దుకుని ఇదే గేటులోంచి బయటికి నడిచి హన్మకొండ బస్సు ఎక్కుతారు.

లోపలికి రావడానికైనా, బయటికి వెళ్లడానికైనా గేటు అదే. దానికి లోపలివైపు తాళం ఉండదు!